గిన్నె నడిమధ్యలో ఎంత వేడి

188వ రోజు

అన్ని విభాగాల వాళ్ళూ దినచర్య రాయాలని వేదవల్లిగారి ఉత్తర్వు. ఆవిడ మా నీడపాలెం పెద్ద. నీటి విభాగానికి, గాలి విభాగానికి రాయడానికి అంకెలుంటాయి. వంటగదిలో ఏముంటుంది, పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు అని రాస్తానంటే ఒప్పుకోలేదు. "మీరు చూసింది రాయండి పైడమ్మగారూ. బావుంటే బావుందని, బాగోలేకపోతే బాగోలేదని" అన్నారు. అందుకని మొదలుపెడుతున్నాను.

నా పేరు బోనెల పైడమ్మ. వయసు యాభై నాలుగు. బొబ్బిలి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ముప్పై ఏళ్ళు కట్టెల పొయ్యి మీద వంటలు చేశాను. ఐదువందల విస్తళ్ళు లేచినా చెయ్యి తడబడేది కాదు. ఇప్పుడు చంద్రుడి మీద, నేల లోపలి గుహలో కట్టిన ఈ ఊళ్ళో వండుతున్నాను. ఇక్కడ నిప్పు నిషేధం. గాలి పలచన, అందులో ప్రాణవాయువు పాలు ఎక్కువ. ఒక్క అగ్గిపుల్ల గీసినా ఊరంతా అంటుకుంటుంది. అందుకే నా వంటంతా ఐదు మైక్రోవేవ్ ఓవెన్ల మీదే. కూరలూ పప్పులూ ముందురోజే వండి చల్లపెట్టెలో దాచి, మర్నాడు వేడిచేసి పెడతాను.

ఈ రోజు రెండో ఓడ దిగింది. పంతొమ్మిది మంది కొత్తవాళ్ళు వచ్చారు. మొత్తం నలభై ఐదుమందిమి అయ్యాం. ఓడలో నాకూ సామాను వచ్చింది. ఓవెన్లో పెట్టుకునే పెద్ద గిన్నెలు, పన్నెండు. లోహం కాదు, గట్టి గాజు. జానెడు లోతు. ఇన్నాళ్ళూ చిన్న చిన్న గిన్నెల్లో విడతలుగా వేడిచేసి నడుం విరిగేది. ఒక్కో గిన్నెలో పదిహేనుమందికి సరిపోయే పప్పు పడుతుందని చూసి నాకు కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. నా కష్టం ఎవరో ఎక్కడో గుర్తుపెట్టుకుని పంపారు. వాళ్ళ చేతులు చల్లగా ఉండాలి.

193వ రోజు

సొరంగం వాళ్ళలో కొత్తగా వచ్చిన ఇద్దరికి వాంతులు, విరేచనాలు. ఒక పూట పడుకుని లేచారు. కొత్త ఊరు, కొత్త నీళ్ళు, అలవాటు పడాలి కదా అనుకున్నాం.

సొరంగం అంటే మంచు తవ్వే చోటు. మేం తాగే ప్రతి చుక్కా అక్కడి నుంచే రావాలి. అక్కడ ఏడుగురు పనిచేస్తారు. వాళ్ళ మేస్త్రీ ఓబులేసన్న. ప్రొద్దుటూరాయన, అరవై దాటాయి. ఆయన గురించి ఒక మాట రాసి ఉంచాలి.

నేను వచ్చిన కొత్తలో నాకు అన్నం కూడా ఉడికేది కాదు. ఇక్కడి పలచటి గాలికి నీళ్ళు ఎనభై నాలుగు డిగ్రీలకే మరుగుతాయి. మరుగుతున్నాయి కదా అని దించితే మెతుకు పలుకు. పదిరోజులపాటు జనం తలలు వంచుకుని ఆ పలుకన్నమే తిన్నారు. ఎవరూ ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఒకరోజు ఓవెన్ పక్కన కూర్చుని ఏడుస్తుంటే ఓబులేసన్న పళ్ళెం పట్టుకుని వచ్చాడు. "పైడక్కా, మా ఊర్లో జొన్నలు నానబెట్టకుండా వండితే ఇట్లనే ఉంటాయి. బియ్యం గంట ముందు నానేసి చూడు, పోయేదేముంది" అన్నాడు. మర్నాడు నానబెట్టాను. పూర్తిగా మెత్తగా రాకపోయినా అన్నంలా వచ్చింది. ఆయన రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

ఆ రోజు నుంచి నేను ఇక్కడ ఉండగలనని నాకు నమ్మకం కలిగింది.

196వ రోజు

ఇప్పుడు ఐదుగురు పడ్డారు, మొన్న లేచిన ఇద్దరికీ మళ్ళీ తిరగబెట్టింది. అందరూ సొరంగం వాళ్ళే. మిగతా ముప్పై ఎనిమిదిమందిలో ఒక్కరికి కడుపునొప్పి లేదు. ఐదోవాడు ఓబులేసన్న.

మా డాక్టరు నౌషీన్‌ది కరీంనగర్. ఆ పిల్ల మూడురోజులుగా నిలబడే తింటోంది. సొరంగంలోని నీళ్ళు, గాలి, పనివాళ్ళ చేతి తొడుగులు, అన్నీ పరీక్షించింది. నేను గంజి తీసుకెళ్ళేసరికి వేదవల్లిగారితో అంటోంది: "మేడం, నీళ్లల్ల ఏం దొరకలె. కానీ ఒక్క టీమే పడిపోతున్నరంటే వాళ్లున్న జాగలనే ఏదో ఉండాలె. నాకు వేరే దారి కనిపిస్తలేదు."

వేదవల్లిగారు సొరంగం మూసెయ్యమన్నారు. నిల్వ నీళ్ళు పంతొమ్మిది రోజులకు వస్తాయట. ఆ తరవాత తవ్వకం మళ్ళీ మొదలవకపోతే ఓడకు కబురుపెట్టి ఊరు ఖాళీ చెయ్యాలి. ఆ మాట ఆవిడ మెల్లగా చెప్పారు, కానీ గదిలో అందరికీ వినబడింది.

ఓబులేసన్న కళ్ళు లోపలికి పోయాయి. నన్ను చూసి నవ్వబోయాడు. "ఏం లేదులేక్కా. కడుపులో తిప్పతా ఉంది, అంతే" అన్నాడు. ఆయన పెదాలు బీటలు వారి ఉన్నాయి.

197వ రోజు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలు కడగబోయాను. సొరంగం మూతపడింది, ఏడుగురిలో ఐదుగురు మంచాల మీద ఉన్నారు, కాబట్టి ఆఖరి బంతి లేదు. అలసందల కూర గిన్నెలో ఇంకా ఆరుగురికి సరిపడా మిగిలింది. ఎప్పుడూ మిగలని చోట మిగిలిందని దానివంక చూశాను. గిన్నె అంచుల చుట్టూ గరిటెలతో తోడేసిన గుంట. మధ్యలో మాత్రం కూర చిన్న దిబ్బలా కదలకుండా నిలబడి ఉంది.

జనం గిన్నె అంచు నుంచే తోడుకుంటారు, చెయ్యి అందేది అక్కడికే. మొదట వచ్చినవాళ్ళకు అంచు, తరవాతివాళ్ళకు కాస్త లోపలిది, ఆఖరివాళ్ళకు నడిమిది. ఆఖరున వచ్చేది ఎప్పుడూ సొరంగం వాళ్ళే. వాళ్ళందరిలోకీ ఆఖరున ఓబులేసన్న. తన మనుషులందరూ బయటికి వచ్చారో లేదో చూసుకుని, తలుపు బిగించి, అప్పుడు వస్తాడు.

గిన్నె కడగకుండా అక్కడే వదిలేశాను.

చల్లపెట్టెలో నిన్న వండి దాచిన ఇంకో గిన్నె ఉంది. అదే లోతు, అదే కూర. రోజూ పెట్టినట్టే ఓవెన్లో పెట్టాను, రోజూ పెట్టినన్ని నిమిషాలే. అంచుల దగ్గర కుతకుతలాడింది, ఆవిరి లేచింది. రోజూ నేను అది చూసే, కాగిందనుకుని తీసేదాన్ని. ఓవెన్ ఆపి, గిన్నె బయటికి తీసి, నీటి విభాగం నుంచి అడిగి తెచ్చిన పొడుగు థర్మామీటరు గుచ్చాను. అంచున ఎనభై మూడు. రెండంగుళాలు లోపలికి యాభై తొమ్మిది. నడిమధ్యలో నలభై ఒకటి.

నలభై ఒకటంటే చంటిపిల్లల స్నానం నీళ్ళంత వేడి, అంతే. కడుపు పాడుచేసే, కంటికి కనబడని పురుగు చావడానికి కాదు, పెరగడానికి సరిపోయే వేడి.

పొయ్యి మీదైతే మంట కిందినుంచి వస్తుంది, నేను గరిటెతో అడుగంటా తిప్పుతూ ఉంటాను. ఉడుకు పట్టిందంటే గిన్నెంతా పట్టినట్టే. ముప్పై ఏళ్ళు నా కళ్ళకు అలవాటైన గుర్తు అది. ఓవెన్ అలా చెయ్యదు. దాని వేడి చుట్టూ ఒక అంగుళం మేరకే దూరుతుంది. ఆ లోపలికి మెల్లగా పాకాల్సిందే. చిన్న గిన్నెల్లో ఆ సంగతి బయటపడలేదు. నేను పెద్ద గిన్నెలు తీసుకుని, నిమిషాలు రెట్టింపు చేసి, సరిపోయిందనుకున్నాను. మధ్యలో ఆపి కలపలేదు. దించాక ఆగలేదు. పని తొందరగా అయిపోతోందని సంతోషించాను.

పరుగెత్తుకుంటూ వెళ్ళి నౌషీన్‌కు చెప్పాను. "అమ్మా, సొరంగంల ఏటీ లేదు. ఉన్నాదంతా నా గిన్నెలోనే ఉన్నాది. నానే సేసినాను" అన్నాను.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కూర నడిమినుంచి ఒక చెంచా తీసుకుని పరీక్షకు పెట్టింది. సాయంత్రానికి చెప్పింది: "అక్కా, దొరికింది. నువ్వు చెప్పింది నిజమే. ఇంకోటి కూడ ఉంది, విను. గింత లోతు గిన్నెల వేడి కూర చల్లపెట్టెల పెడితే, నడుమ చల్లారనికి పొద్దంతా పడుతది. అది కాగేటప్పుడూ ఆలస్యమే, చల్లారేటప్పుడూ ఆలస్యమే. రెండు దిక్కుల పురుగుకే లాభం."

తరవాత, నేను ఏడుస్తుంటే, "నువ్వు చెప్పకపోతే నేను ఇంక ఆ సొరంగంలనే వెతుక్కుంట ఉందును" అంది.

198వ రోజు

భోజనానికి ముందు అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. మాటలు ముందుగా అనుకున్నాను గాని నిలబడగానే అన్నీ పోయాయి.

"నానొండిన కూర తినే మనోళ్ళు పడిపోయినారు. సొరంగానిది ఏ తప్పూ లేదు. గిన్నె నడుమున కాగలేదు, నాను సూసుకోలేదు. నన్ను ఏటన్నా పడతాను" అన్నాను.

తరవాత సొరంగంలో పనిచేసే ఇందుమతి లేచింది. పడినవాళ్ళలో అందరికంటే ముందు కోలుకున్న అమ్మాయి. "మేము ఆఖర్న వస్తామని మాకు మధ్యలోది మిగిలింది. అంతేనా? మూడురోజులు నేను చచ్చిపోతాననుకున్నాను పైడమ్మగారూ" అంది. పళ్ళెం అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ లేదు.

వేదవల్లిగారు అప్పటికప్పుడు సొరంగం తెరవమన్నారు. నీళ్ళ భయం పోయింది. నలభై ఐదుమంది ఊరు విడిచి వెళ్ళనక్కర్లేదు. అందుకు ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తెలియక వంటగది గోడకు తల ఆనించి నిలబడ్డాను. అయితే లోపల మంచం మీద ఓబులేసన్నకు జ్వరం నూటమూడు. ఒంట్లో నీరు నిలవడం లేదు. మూత్రం పొద్దుటినుంచి రాలేదట. నౌషీన్ మాటలు తగ్గించేసింది.

199వ రోజు

పొద్దున్నే ఆయన దగ్గరకు వెళ్ళాను. చేతికి సెలైన్ గొట్టం. తెలివిలోనే ఉన్నాడు. ఎవరో ఆయనకు చెప్పే ఉంటారనుకున్నాను, చెప్పలేదట. నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

అంతా విన్నాడు.

"రోజూ కూర సల్లగా ఉండేది, నాకు తెలుసక్కా" అన్నాడు.

"మరి సెప్పలేదేటన్నా?"

"నువ్వు పొద్దున లేచినకాన్నుంచి నిలబడే ఉంటావు. ఆఖర్న వచ్చినోన్ని, మళ్లీ కాచమని అడిగేదానికి నోరు రాలేదు." సెలైన్ చెయ్యి కదలకుండా నా వైపు తిరిగాడు. "నేను చెప్పింటే పిల్లోళ్ళు పడకపోదురు. తప్పు నీ ఒక్కదానిదే కాదు. నీతో పాటు నాది గూడా రాయి."

రాస్తున్నాను అన్నా, నువ్వు చెప్పావు గనక. కానీ నీ తప్పు నాకు మర్యాదలాగే కనిపిస్తోంది.

200వ రోజు

మధ్యాహ్నం మూడింటికి మూత్రం వచ్చింది. ఇలాంటి సంగతి దినచర్యలో రాయొచ్చో లేదో నాకు తెలియదు. నౌషీన్ గదిలోంచి పరుగున వచ్చి వంటగది గుమ్మంలో నిలబడి, "అక్కా, వచ్చింది!" అని అరిచింది. ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. అక్కడే కూరలు తరుగుతున్నవాళ్ళు సంగతేమిటో తెలియక ముందు భయపడ్డారు, తెలిశాక చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఆయనకు నాలుగు చెంచాల గంజి. ఒక్క మనిషికి సరిపడే చిన్న గిన్నె. సగంలో ఆపి కలిపాను, మళ్ళీ పెట్టాను, దించి మూతపెట్టి మూడు నిమిషాలు చెయ్యి వెయ్యకుండా కూర్చున్నాను. నాలుగుచోట్ల థర్మామీటరు పెట్టి చూశాను, ఎక్కడా డెబ్బై అయిదుకు తగ్గలేదు. తరవాత తాగేంత చల్లారనిచ్చి తీసుకెళ్ళాను. ఆయన తాగి, చాలు అన్నట్టు చెయ్యి ఊపి నిద్రపోయాడు.

202వ రోజు

ఇప్పుడు వంటగదిలో పద్ధతి మారింది. పెద్ద గిన్నెలు సామాను దాచుకోవడానికి పెట్టేశాను. వండింది రెండు వేళ్ళ లోతున్న పళ్ళాల్లో పరిచి చల్లారుస్తున్నాం. వేడి చేసేటప్పుడు కూడా అవే పళ్ళాలు, కూర చుట్టూ పరిచి నడుమ ఖాళీ వదులుతున్నాం. పైన మూత, ఆవిరి పోవడానికి సందు. సగంలో ఆపి కలపడం, దించాక మూడు నిమిషాలు ఆగడం, గుచ్చి చూడడం. పని ఎక్కువే అయింది. నలుగురు వంతులవారీగా సాయానికి వస్తున్నారు. నిన్న వచ్చినవాళ్ళలో ఇందుమతి ఉంది. థర్మామీటరు తీసుకుని పళ్ళెం పళ్ళెం చూసుకుంటూ పోయింది. వెళ్ళేటప్పుడు "రేపు కూడా వస్తాను" అంది. ఆ మూడు మాటలకే నా కడుపు నిండింది.

భోజనాల వరస కూడా రోజుకొక విభాగం ముందు అని మార్చారు వేదవల్లిగారు.

ఆవిడ ఈ మధ్యాహ్నం నన్ను తన గదికి పిలిచారు. భూమికి పంపాల్సిన నివేదిక ముందు పెట్టుకుని ఉన్నారు.

"పైడమ్మగారూ, నేను దీన్ని పరికరాల లోపం అని రాద్దామనుకుంటున్నానండీ. గిన్నెలు పంపింది వాళ్ళే కదా, చెప్పకుండా పంపారు. మీ పేరు వస్తే వచ్చే ఓడలో మిమ్మల్ని వెనక్కి రమ్మంటారేమోనని నా భయం. మిమ్మల్ని పోగొట్టుకోవడం మాకు ఇష్టం లేదు" అన్నారు.

నా మూలాన ఊరు ఖాళీ అయ్యేదాకా వచ్చినా, నన్ను కాపాడాలని చూసిన మనిషి ఆవిడ.

అప్పుడు నాకొక సంగతి తోచింది. "అమ్మా, ఈ గిన్నెలు మనకొక్కలికే వొచ్చినాయేటి?"

ఆవిడ జాబితా తీసి చూశారు. అదే ఓడ మాకంటే ముందు ఎగువపేటలో ఆగింది. అది ఇక్కడికి ఆరువందల కిలోమీటర్ల దూరాన కొత్తగా కట్టిన ఊరు, ముప్పైమంది ఉంటారు. వాళ్ళకూ ఇలాంటి గిన్నెలే ఎనిమిది ఇచ్చారు.

భూమికి పంపిన నివేదిక పెద్దవాళ్ళు చూసి, తిరిగి ఎగువపేటకు చేరడానికి నెలలు పడుతుందట. పరికరాల లోపం అని రాస్తే, ఓవెన్ చెడిపోయిందేమో అనుకుని వాళ్ళు తమ ఓవెన్ బాగానే ఉందని చూసుకుని ఊరుకుంటారు. ఓవెన్లో ఏ లోపమూ లేదు. ఒక వంటమనిషి ఏం చేసిందో ఇంకో వంటమనిషికి తెలియాలి.

"రేడియోలో నానే సెప్తానమ్మా, ఇప్పుడే. నా పేరుతోనే సెప్తాను" అన్నాను.

వేదవల్లిగారు నా ముఖం వంక చూసి, నివేదిక మడిచి పక్కన పెట్టి, రేడియో గది దాకా నాతో నడిచి వచ్చారు.

చెప్పాను. గిన్నె ఎంత లోతు, ఎన్ని నిమిషాలు పెట్టాను, ఎక్కడ ఎంత వేడి ఉంది, ఎవరు పడిపోయారు, అన్నీ చెప్పాను. అవతల ఎవరో రాసుకున్నారు. వంటాయనకు అందిస్తామన్నారు. అంతే. తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఇక్కడ అందరి కాళ్ళూ తేలికే, అయినా ఆ తేడా నాకు తెలిసింది.

203వ రోజు

ఓబులేసన్న ఈ పూట తన కాళ్ళ మీద నడిచి భోజనాల గదికి వచ్చాడు. సొరంగం వాళ్ళు ఆరుగురూ లేచి నిలబడ్డారు. ఆయన సిగ్గుపడి, కూర్చోండి కూర్చోండి అన్నాడు.

నేను ఆయనకు వడ్డిస్తుండగా రేడియో గది నుంచి వేదవల్లిగారు వచ్చారు. చేతిలో కాగితం. ఎగువపేట వంటాయన పంపిన జవాబు. ఆయన పేరు సామ్యేలు, బాపట్ల దగ్గరి వాడట. నాకు చదవడానికి కళ్ళజోడు దగ్గర లేదు, ఆవిడే పైకి చదివారు.

"పైడమ్మక్కకు నమస్కారాలు. మీ కబురు మాకు నిన్న సాయంత్రం భోజనాలకు పావుగంట ముందు అందింది. ఆ పెద్ద గిన్నెలు విప్పి వాడడం నిన్నే మొదలు. అప్పటికే రెండు గిన్నెల కూర కాచి బల్ల మీద పెట్టేశాను. పొగలు కక్కుతోంది. మీరు చెప్పారు కదా అని గుచ్చి చూశాను. నడుమ నలభై మూడు. ముప్పైమందీ చేతులు కడుక్కుని వస్తున్నారు. రెండు గిన్నెలూ పారబోశాం. రొట్టెలు తిని సరిపెట్టుకున్నాం. మాలో ఒకావిడకు ఏడో నెల. అక్కా, మీ పేరు మా వంటగదిలో అందరికీ చెప్పాను."

నేను గరిటె పట్టుకుని ఏడుస్తూ నిలబడిపోయాను. ఇందుమతి ముందుకు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

ఓబులేసన్న పళ్ళెం ముందుకు జరిపాడు.

"ఇంగ ఏడ్చింది చాల్లే పైడక్కా. ఆకలైతా ఉంది, ఇంకో గరిటె పెట్టు" అన్నాడు.

పెట్టాను.